చిట్లిన ల్యాప్‌టాప్ ఛార్జర్ తీగ

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న మా మేనల్లుడు, ఛార్జర్ తీగ తొడుగు చిట్లి రాగి పోగులు కనబడుతున్నాయని, టేపు చుడితే చాలదా మామయ్యా అని అడిగాడు. దెబ్బ ఎటువైపు తగిలిందో చూడకుండా దీనికి జవాబు చెప్పకూడదు.

గోడ ప్లగ్గుకూ, తీగ మధ్యలో ఉండే డబ్బా అయిన అడాప్టర్‌కూ మధ్యనున్న తీగలో 230 వోల్టుల కరెంటు ప్రవహిస్తుంది కాబట్టి, అక్కడ టేపు మాటే ఎత్తరాదు. ముందు స్విచ్చి ఆపి ప్లగ్గు తీసివేయాలి. చాలా ఛార్జర్లలో ఈ తీగ విడిగా ఊడివస్తుంది. కొన ఆకారం సరిచూసుకొని, ఐఎస్‌ఐ గుర్తున్న కొత్తది కొనుక్కుంటే అడాప్టర్ ఖర్చు తప్పుతుంది.

అడాప్టర్ నుండి ల్యాప్‌టాప్‌కు వెళ్ళే తీగలో సాధారణంగా సుమారు 20 వోల్టులే ఉంటాయి. షాకు భయం తక్కువే గాని, 65 వాట్ల అడాప్టర్ మూడు ఆంపియర్లకు పైగా కరెంటు పంపగలదు. సగం తెగిన పోగుల గుండా అంత కరెంటు పోతే ఆ చోటు కాలేంత వేడెక్కుతుంది. పైగా తిరుపతి ఎండలకు టేపు జిగురు కరిగి జారిపోతుంది. పిన్ను దగ్గర తెగితే, చెడిన ముక్కను కత్తిరించి కొత్త పిన్ను టంకం వేయించుకోవడం చవకైన మార్గం, అయితే ధన, ఋణ తీగలు తారుమారైతే ల్యాప్‌టాప్ బోర్డే పోవచ్చును. అడాప్టర్ మొదట్లోనే తెగితే డబ్బాను ఇంట్లో విప్పవద్దు. ప్లగ్గు తీసినా లోపల విద్యుత్తును నిల్వ ఉంచే కెపాసిటర్లనే భాగాలలో అది ఇంకా మిగిలి ఉండవచ్చు.

అడాప్టరే మార్చవలసివచ్చి, ఎవరో వాడిన పాతది కొనేటప్పుడు పిన్నూ వోల్టేజీ సరిపోవాలి, ఆంపియర్లు సమానంగానో ఎక్కువగానో ఉండాలి. పారవేసే తీగను మరెవరూ ప్లగ్గులో పెట్టకుండా ముక్కలు చేయాలి.