రెండడుగుల టైలు రెండడుగులు ఉండదు

పర్లాకిమిడిలో నాది టైల్స్, ప్లైవుడ్ షాపు. మా దగ్గరికొచ్చే మేస్త్రీల్లో ఒడియావాళ్లూ ఉన్నారు, తెలుగువాళ్లూ ఉన్నారు. ఎవరు నోరు తెరిచినా అడుగులూ అంగుళాలే. పెట్టె మీదేమో 600 × 600 మిల్లీమీటర్లు అని ఉంటుంది. దాన్నే అందరం 'రెండు బై రెండు' అనేస్తాం. తంటా అక్కడే మొదలవుతుంది.

అంగుళమంటే సరిగ్గా 25.4 మిల్లీమీటర్లు. 1959లో అమెరికా, బ్రిటన్‌తో పాటు మరికొన్ని దేశాలు ఒప్పుకున్న లెక్క ఇది. అడుగుకి 304.8. అంటే రెండడుగులు 609.6. టైలుకి 9.6 మిల్లీమీటర్లు తక్కువన్నమాట.

పది బై పన్నెండు గది ఉందనుకోండి. "ఐదార్లు ముప్పై, ముప్పై టైల్స్ కట్టు బావూ" అంటారు. పరిచాక ఒక గోడ దగ్గర 48, ఇంకో గోడ దగ్గర 57 మిల్లీమీటర్లు ఖాళీ మిగులుతుంది. గోడ అడుగున వేసే స్కర్టింగ్ పట్టీ దాన్ని కప్పదు. రెండంగుళాల పేళ్లు పెట్టి పూడిస్తే, కోతలో విరిగేవి పోను 32 సరిపోతాయి, కానీ చూడ్డానికి అతుకేసినట్టుంటుంది. పనితనం ఉన్న మేస్త్రీ పొడవులోనూ వెడల్పులోనూ ఒక్కో వరస తీసేసి, అటూ ఇటూ సమానంగా ముక్కలు వేస్తాడు. అప్పుడు ముక్క 320 పైచిలుకు వస్తుంది. సగం దాటింది కాబట్టి ఒక టైల్లో ఒక్క ముక్కే. ఆరు వరసలు ఏడేసి, మొత్తం 42!

"ఏటి బావూ, ముప్పై చాలవా?" అని నా వైపు అనుమానంగా చూస్తారు. రెండు లెక్కలూ కాగితం మీద వేసిస్తాను, బీరువా అడ్డమొచ్చే గోడైతే 32 చాలనే చెబుతాను.

ప్లైవుడ్‌తో ఈ బాధ లేదు. ఎనిమిది బై నాలుగు షీటు 2440 × 1220, ఎనిమిదడుగుల కంటే ఒకటిన్నర మిల్లీమీటరు ఎక్కువే. మా ఊరి పాత చిన్న రైలు పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు, లెక్క కడితే సరిగ్గా 762. ఇప్పటి బ్రాడ్‌గేజ్ ఐదున్నర అడుగులంటే 1676.4 రావాలి, 1676 అనే రాస్తారు. పాయింట్ నాలుగుతో పోయేదేముంది! అరంగుళం జీఐ (జింకు పూత ఇనప) పైపు సంగతి అడగొద్దు, దాని వెలుపలి కొలతే 21 మిల్లీమీటర్లు దాటుతుంది.

టైల్స్‌కి వచ్చేవాళ్లు ప్లాస్టరింగ్ అయ్యాకే గది కొలవండి. రెండు గోడలకీ 12 మిల్లీమీటర్ల చొప్పున పూస్తే అంగుళం పోయినట్టే. టేపు రెండో అంచున సెంటీమీటర్లు ఉంటాయి, అవే రాసుకురండి.