గోపాల్‌పూర్ ఒడ్డున పడవకు చోటెక్కడ?

దుబాయ్‌లో ఉన్న మా మేనల్లుడు అక్కడి మెరీనా, అంటే పడవలు కట్టేసుకునే రేవు, లెక్కలు చెప్పిన దగ్గర్నుంచి, మన తీరంలో పడవలవాళ్ళు ఏం చేస్తున్నారో దగ్గరుండి చూడాలనిపించింది. అక్కడ పడవ పొడవును బట్టి అద్దె. వెడల్పు ఎక్కువైతే ఇంకాస్త. రోజువారీ కంటే ఏడాదికి మాట్లాడుకుంటే చవక. మంచినీళ్ళు, కాపలా, కరెంటు కట్టే చోటే దొరుకుతాయి.

ఇచ్ఛాపురం దాటగానే ఒడిశా. బరంపురంలో మా బావ ఇంట్లో టిఫిన్ చేసి ఇద్దరం బండి మీద గోపాల్‌పూర్ వెళ్ళాం. దారి పదహారు కిలోమీటర్లు. ఒకప్పుడు రంగూన్‌కు ఓడలు వెళ్ళిన రేవది. ఇప్పుడు హోటళ్ళు, లైట్‌హౌస్, పర్యాటకులు. కాస్త పక్కకు నడిస్తే మాత్రం అంతా తెలుగే. ఒడియావాళ్ళు నోలియాలని పిలిచే మన జాలర్ల పేట అది.

మేం వెళ్ళేసరికి ఓ ఫైబర్ పడవ అప్పుడే అల దాటి వచ్చింది. అక్కడ జెట్టీ లేదు, ఇసకే రేవు. పడవకు తాళ్ళు కట్టి, వాటిలో దుంగ దూర్చి భుజాల మీదికి ఎత్తారు. ముందు మొనను ఒకసారి, వెనక కొసను ఒకసారి తిప్పుకుంటూ పైకి నడిపించారు. పక్క పడవలవాళ్ళూ వచ్చి భుజం పట్టారు. రేపు వాళ్ళ పడవకు వీళ్ళు పట్టాలి. ఇక్కడి అద్దె అదే, చేత్తో చెల్లించేది.

తర్వాత ఇంజిను ఊడదీసి, కర్రకు వేలాడదీసి ఇద్దరు ఇంటికి మోసుకుపోయారు. వలలు, డీజిల్ డబ్బా కూడా ఇంటికే. పొద్దున్నే మళ్ళీ అన్నీ మోసుకురావాలి.

"పడవకేం బాబూ, ఇసక చాలు. ఇంజినుకే తాళం పడే గది ఉండాల" అన్నాడు ఓ పెద్దాయన.

నాకూ అదే సబబనిపించింది. ఈ ఒడ్డుకు మెరీనా హంగులు అక్కర్లేదు. ఇంజిన్లకు తాళాల గది, రాత్రి వెలుగు, వల బాగుచేసుకోవడానికి నీడ, ఐసు. వీటితో పాటు తుఫాను కబురు రాగానే పడవల్ని లాగి పెట్టుకోవడానికి ఎత్తైన స్థలం తప్పకుండా కావాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను తీరం దాటింది ఈ గోపాల్‌పూర్ దగ్గరే. పడవ పోతే ఆ ఇంటికి జీవనాధారమే పోయినట్టు. హోటళ్ళకు దొరికిన ఒడ్డులో వీళ్ళకు ఆపాటి జాగా ఇవ్వలేరా?

"గది కట్టించి, పడవ పొడవును బట్టి అద్దె పెడితే డబ్బు కడతారా, మావా?" అని ఆ పెద్దాయన్ని అడిగాను.

"కడతాం. ఎందుకు కట్టం?" అన్నాడు వెంటనే. తర్వాత ఆగి, ఉత్తరాన రుషికుల్య నది వైపు చెయ్యి చూపించాడు. నవంబరు 1 నుంచి మే 31 దాకా, తాబేళ్ళు గుడ్లు పెట్టే ఆ ముఖద్వారం చుట్టూ వేటకు ఆంక్షలు.

"మరి ఆ నెలలకీ కట్టమంటారా, బాబూ?"

వద్దన్నాను. వేట ఉన్న నెలలకే లెక్క కట్టాలి.