చిన్నదే అక్కా, అప్రూవ్ కొట్టెయ్యండి

శుక్రవారం సాయంత్రం, మాధాపూర్ ఆఫీసులో బ్యాగు సర్దుకుంటుంటే మా టీమ్ కుర్రాడు తన కోడ్ మార్పుని నాతో సరిచూపించుకోడానికి కుర్చీ లాక్కుని వచ్చాడు. "చిన్నదే అక్కా, 3 ఫైళ్లు, 14 లైన్లు. ఒకసారి చూసి అప్రూవ్ కొట్టెయ్యండి."

14 లైన్లంటేనే నాకు భయం. వెయ్యి లైన్లయితే చూసేవాళ్లు కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుంటారు. (చూడరనుకోండి, చూడలేదని సిగ్గయినా పడతారు.)

మా సీ ప్లస్ ప్లస్ కోడంతా ఒకప్పుడు ఒకే ముద్ద. రెండేళ్ల కిందట దాన్ని 7 లైబ్రరీలుగా, అంటే వేరే ప్రోగ్రాములు తెచ్చుకుని వాడుకునే ముక్కలుగా, విడగొట్టాం. వాటిలో లాగింగ్ లైబ్రరీ (ప్రోగ్రామ్ ఏం చేస్తోందో రాసిపెట్టేది) బయటి నుంచి తెచ్చుకున్న ఎఫ్ఎమ్‌టీ అనే ఫార్మాటింగ్ లైబ్రరీ మీద ఆధారపడుతుంది. కుర్రాడు సీమేక్ ఫైల్లో (కోడ్‌ని ఎలా బిల్డ్ చెయ్యాలో చెప్పేది) దాన్ని లింక్ చేసే చోట 'పబ్లిక్' తీసి 'ప్రైవేట్' పెట్టాడు. లోపల వాడుకునే సరుకు బయటివాళ్లకి ఎందుకు చూపించాలని అతని వాదన. నిజంగా లోపలే వాడుంటే నేనూ మెచ్చుకునేదాన్ని. కానీ మా హెడర్ (లైబ్రరీ వాడేవాళ్ల కోడ్‌లోకి చేరే ఫైలు) ఒకదాంట్లో టెంప్లేట్ ఫంక్షన్ ఉంది, అది వాడేవాళ్ల దగ్గరే కంపైలవుతుంది, దానికోసం ఆ హెడరే ఎఫ్ఎమ్‌టీ హెడర్‌ని ఇన్‌క్లూడ్ చేస్తుంది. అంటే మా లైబ్రరీ వాడే ప్రతివాళ్ల కంపైలరూ దాన్ని వెతుక్కోవాలి. ప్రైవేట్ అన్నాక సీమేక్ ఆ హెడర్ల దారి వాళ్లకి అందించదు. మాది స్టాటిక్ లైబ్రరీ (వాడే ప్రోగ్రామ్‌లోనే కలిసిపోయేది) కాబట్టి లింకు సంగతి, అంటే చివర్లో ముక్కలన్నీ కలపడం, మాత్రం సీమేకే చూసుకుంటుంది. సగం పని చేసే తప్పు ఎంత దొంగదో!

"నా మెషీన్లో బిల్డ్ అయింది కదక్కా."

ఎందుకవదు? ఎప్పుడో ఆప్ట్‌తో (లినక్స్‌లో సాఫ్ట్‌వేర్ వేసుకునే కమాండ్) ఎఫ్ఎమ్‌టీ వేసుకున్నాడు, కంపైలర్ సిస్టమ్ ఫోల్డర్లో దాన్ని చూసుకుని నోరు మూసుకుంది. ప్రతి మార్పునీ దానంతటదే బిల్డ్ చేసి చూసే మా సీఐ ఇమేజ్‌లోనూ అదే కథ.

అందుకే, ఈసారిలా రీడ్‌మీలో (ఎలా బిల్డ్ చేసుకోవాలో మెట్టు మెట్టుగా చెప్పే ఫైలు) మార్పొస్తే నేను చదివి ఊరుకోను, నడిపి చూస్తాను. ఖాళీ కంటైనర్ (ముందుగా ఏమీ వేసి ఉండని కొత్త మెషీన్ లాంటిది) తెరిచి, అందులో ఏం రాసుంటే అదే, సొంత తెలివి చిటికెడు కూడా కలపకుండా. మూడో మెట్టు దగ్గరే ఆగిపోయాను. 'బిల్డ్ ఫోల్డర్లోకి వెళ్లండి' అని ఉంది. ఆ ఫోల్డర్ తయారు చేసుకోమని ఎక్కడా లేదు. ఎవరు రాశారా అని గిట్ బ్లేమ్ కొడితే నా పేరే వచ్చింది. కుర్రాడు మర్యాదగా కిటికీలోంచి బయటికి చూశాడు.

ఫోల్డర్ చేసుకుని ముందుకెళ్తే ఇంకోటి. 'సీమేక్ 2.8 ఉంటే చాలు' అని రీడ్‌మీ, ఒక మాడ్యూల్ బిల్డ్ ఫైల్లోనూ కనీస వెర్షన్ అదే. 2025 మార్చిలో వచ్చిన సీమేక్ 4.0 నుంచి, 3.5 కంటే పాత వెర్షన్ల పద్ధతికి మద్దతు తీసేశారు. కంటైనర్‌లో తాజా సీమేక్ వేశాను కాబట్టి కాన్ఫిగర్ దగ్గరే తిట్టింది. అది సరిచేస్తే చివర్లో, నమూనా ప్రోగ్రామ్ దగ్గర, అసలు ఎర్రర్ వచ్చింది: ఎఫ్ఎమ్‌టీ హెడర్ దొరకలేదట.

కుర్రాడు రీడ్‌మీలో కొత్తగా చేర్చిన వాక్యం సంగతి వేరే. మా లైబ్రరీని ఫెచ్‌కంటెంట్‌తో (కోడ్‌ని నెట్ నుంచి దించుకునే సీమేక్ సదుపాయం), మారుతూ ఉండే 'మెయిన్' బ్రాంచి నుంచి తెచ్చుకోమన్నాడు. మాది అత్తాపూర్. ఇంటికి దారి అడిగితే 'బేకరీ పక్క సందు' అనేవాళ్లం, ఆ బేకరీ మూడుసార్లు మారింది. ఎక్స్‌ప్రెస్‌వే వచ్చాక పిల్లర్ నంబర్ చెప్తున్నాం, డెలివరీ అబ్బాయిలు మళ్లీ ఫోన్ చెయ్యకుండా వచ్చేస్తున్నారు. మెయిన్ బ్రాంచి ఆ బేకరీ లాంటిది. ఒకే వెర్షన్‌ని చూపించే రిలీజ్ ట్యాగో, కమిట్ హ్యాషో ఇవ్వమన్నాను.

ఈ గొడవంతా అయ్యేసరికి 9 దాటింది. సోమవారం అతను పబ్లిక్ తిరిగి పెట్టి, ఎందుకో పైన ఒక లైను కామెంట్ రాసి, డాక్యుమెంటేషన్‌కి వేరే రిక్వెస్ట్ పెట్టాడు. మూడో మెట్టు నేనే దిద్దాను.

సీఐ ఇమేజ్‌లోంచి ఎఫ్ఎమ్‌టీ కూడా తీసేశాం. తీయగానే ఇంకో 2 లైబ్రరీల బిల్డ్ ఎర్రబడింది. వాటి మీద బ్లేమ్ ఇంకా కొట్టలేదు.