ఆల్టో సిమ్యులేటర్: ఒక్క సైకిల్ తేడాతో తిన్న దెబ్బ (నా అనుభవం)

జిరాక్స్ ఆల్టో అనే పాతకాలపు కంప్యూటర్‌ని సాఫ్ట్‌వేర్‌లో అనుకరించే సిమ్యులేటర్ రాస్తున్నాను. నిన్న రాత్రికి దాని తెర నిలబడింది. అడ్డం 606, నిలువు 808 చుక్కలు, వణుకు లేకుండా.

1973లో జిరాక్స్ కంపెనీ పరిశోధనాకేంద్రం పార్క్ (PARC)లో చక్ థాకర్ డిజైన్ చేసిన ఆల్టోలో డిస్‌ప్లే, డిస్క్, ఈథర్‌నెట్ (కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్) పనులన్నీ ఒకే ప్రాసెసర్ నెత్తిన ఉంటాయి. ఆ పనుల్ని వంతులవారీగా నడిపే టాస్కులు 16. మామూలు ప్రోగ్రాములు నడిపే 0వ టాస్క్‌కి (పేరు ఎమ్యులేటర్) అందరికన్నా చివరి వంతు. పైపై ఆదేశాలు అమలుచేస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవాళ్ళుంటారు, వినకండి. మైక్రోకోడ్ దాకా, అంటే ఒక్కో ఆదేశాన్ని అమలుచేసే లోపలి చిన్న సూచనల దాకా దిగకపోతే తెర మీద చుక్క కూడా పడదు.

నాలుగు 74181 చిప్పుల ఏఎల్‌యూ (లెక్కలు చేసే భాగం) ఒక పూట పని. స్థిరాంకాల రోమ్ (మారని విలువలు దాచిన చిప్పు) కూడా అంతే. బస్ (భాగాల మధ్య డేటా నడిచే దారి) మీద రెండు విలువలు ఒకేసారి పడితే ఫలితం యాండ్ (AND) అవుతుందని, అంటే రెండింటిలోనూ 1 ఉన్న బిట్లే 1గా మిగులుతాయని మాత్రం మరవకండి, మాస్కింగంతా (అక్కర్లేని బిట్లు తుడిచెయ్యడం) దాని మీదే నడుస్తుంది.

అసలు నరకం నెక్స్ట్ ఫీల్డ్. 32 బిట్ల మైక్రోసూచనలో 10 బిట్లు తర్వాతి చిరునామాకే పోతాయి. దానంతటదే ఒకటి పెరిగే కౌంటర్ లేదు. షరతు నిజమైతే ఆ చిరునామాలో ఒక బిట్ ఆర్ (OR) అవుతుంది, అంటే 1గా మారి దారి మళ్ళిస్తుంది. ఎక్కడ? షరతు ఉన్న సూచనలో కాదు, దాని తర్వాతి సూచన నెక్స్ట్‌లో. అప్పటికే ఆ సూచనను తెచ్చుకోవడం మొదలైపోయి ఉంటుంది మరి. నేను అదే సూచనలో కలిపేశాను. బూట్ కాస్త దూరం బుద్ధిగా నడిచి, తర్వాత ఎటో పోయేది.

అది దిద్దాక టాస్క్ మార్పు తిప్పలు పెట్టడం మొదలెట్టింది. అక్కడా ఒక సూచన ఆలస్యమే. ఎల్ (L) రిజిస్టర్ (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ గది) నింపుతూనే టాస్క్ (వేరే టాస్క్‌కి వంతివ్వు) అని రాసి, మరుసటి సూచనలో ఎల్‌ని ఆర్ (R) రిజిస్టర్‌లో దాచుకోవడం ఆ మైక్రోకోడ్‌లో అడుగడుగునా కనిపించే అలవాటు. నేను టాస్క్ కనబడగానే మార్చేశాను. మారేటప్పుడు భద్రంగా ఉండేది మైక్రో పీసీ (తర్వాతి మైక్రోసూచన చిరునామా) ఒక్కటే. ఎల్, టి రిజిస్టర్లు టాస్కులన్నిటికీ ఉమ్మడివి. తిరిగొచ్చేసరికి ఎల్‌లో డిస్‌ప్లే టాస్క్ విలువ కూర్చుని ఉంది! తప్పు ఎమ్యులేటర్‌లో ఉందనుకుని అక్కడే తవ్వాను, సిగ్గుచేటు.

మీరు రాస్తే ముందు లెక్క సరిచూసుకోండి: సైకిల్ 170 నానోసెకన్లు, తెర మీద ఒక అడ్డగీత 38.08 మైక్రోసెకన్లు, అంటే గీతకి సరిగ్గా 224 సైకిళ్ళు. అంతలోపు 38 పదాలు (16 బిట్ల డేటా ముక్కలు) తెరకి అందాలి. మెమరీ డేటా తొందరపడి అడిగితే ప్రాసెసర్ ఆగుతుంది. ఆ ఆగిన సైకిళ్ళు లెక్కించకపోతే ప్రోగ్రాములు అసలు యంత్రం కన్నా వేగంగా పరిగెత్తి మిమ్మల్ని మోసం చేస్తాయి.

7వ టాస్క్, ఈథర్‌నెట్, ఇంకా ముట్టుకోలేదు.