గువ్వలచెరువు ఘాట్‌లో పోయిన నా పరువు: నాలుగు సెడాన్లు, ఒక మామ

నేను కొన్న సెకండ్ హ్యాండ్ కారు ఆర్సీ శనివారం నా పేరు మీదికి మారింది. కోపమూ సంతోషమూ రెండూ వేడిగా ఉన్నప్పుడే రాసేస్తున్నా. నాలుగు రోజులు ఆగితే మొహమాటం అడ్డొచ్చి సగం మింగేస్తా.

నాది కడప. ఎర్రగుంట్ల పక్క బండల పాలిష్ యూనిట్ నడుపుతా. పగలు బండలతో, రాత్రి బండ్లతో నా కాపురం అని మా ఇంట్లో వాళ్ల ఫిర్యాదు. ఇన్నాళ్లూ తోలింది 2014 హోండా సిటీ, పెట్రోల్, మాన్యువల్. 119 పీఎస్ ఇంజిన్ (పీఎస్ అంటే ఇంజిన్ బలం లెక్క). ఇంజిన్ చుట్లు చూపే సూది ఐదు వేలు దాటినాక ఆ ఇంజిన్ పాడే పాట విన్నోడికే తెలుస్తుంది. అది ముసలిదైపోయింది, మార్చాలి అనుకున్నప్పటి నుంచి ఊరంతా ఒకటే మాట: ఎత్తుబండి తీసుకో, తెల్లది తీసుకో. కోటిరెడ్డి సర్కిల్‌లో నిలబడి లెక్కపెట్టండి, పది బండ్లలో ఎన్ని తెల్ల ఎస్‌యూవీలో. ఎత్తులో కూర్చుంటే ఊరు కనపడుతుంది, నిజమే. మలుపులో మాత్రం ఆ ఎత్తంతా మన మీదికే వాలుతుంది. నాకు సెడానే కావాలి, అదీ కాలు పెడితే కదిలే సెడాన్. స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ అంటే చిన్నప్పటి నుంచి పిచ్చి, కానీ 2025లో వచ్చినవి దేశం మొత్తానికి 100 బండ్లే, ధర యాభై లక్షలు. నా యూనిట్ అమ్మినా అంత రాదు.

మిగిలినవి నాలుగు. స్కోడా స్లావియా 1.5, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ, హ్యుందాయ్ వెర్నా టర్బో, కొత్త హోండా సిటీ.

మొదట షోరూంకు పోయినా. ఏ కంపెనీదో, ఏ ఊర్లోదో చెప్పను. నేను అడిగింది నాలుగు సిలిండర్ల పెద్ద ఇంజిన్. ఆ పిల్లోడు తెచ్చి నిలబెట్టింది మూడు సిలిండర్లది. "ఇంజిన్ ఒకటే సార్, బ్యాడ్జీ తేడా" అన్నాడు. స్టార్ట్ చేసి స్టీరింగ్ మీద వేలు పెట్టినా. మూడు సిలిండర్ల వణుకు వేరే. పాలిష్ మిషన్‌లో బేరింగ్ అరిగిందని మోత విని చెప్పేవాణ్ణి నేను, నాకే చెప్తాడా? ఒకటి 999 సీసీ, 115 పీఎస్. ఇంకొకటి 1498 సీసీ, 150 పీఎస్. బ్యాడ్జీ తేడానా ఇది? టెస్ట్ డ్రైవ్ అంటే షోరూం నుంచి పెట్రోల్ బంకు దాకా పోయి యూటర్న్ కొట్టి రావడం. దారి పొడవునా ఆ పిల్లోడి చెయ్యి హ్యాండ్‌బ్రేక్ మీదే. మూడో గేర్ పడకముందే "చాలు సార్" అన్నాడు. పదిహేను, ఇరవై లక్షల సరుకు. కిలో వంకాయలు కొన్నా ఇంతకంటే ఎక్కువ సేపు తిప్పి చూస్తాం కదా.

అందుకే నా సలహా ఇది: షోరూం దగ్గర రంగు చూసుకోండి, సీటు చూసుకోండి, బండి మాత్రం తోలుకుంటున్నోడి దగ్గర అడుక్కోండి. సిగ్గుపడొద్దు. బండి పిచ్చోడు ఇంకో పిచ్చోడికి తాళం ఇవ్వకుండా ఉండడు.

కొత్త సిటీ ఒక స్నేహితుడిది, సీవీటీ ఆటోమేటిక్. ఇంట్లో వాళ్లకు మంచి బండి. తొక్కితే శబ్దం ముందర పోతుంది, బండి వెనకాల వస్తుంది. అంతటితో దాని సంగతి ఐపోయింది.

వెర్నా టర్బో మా బామ్మర్దిది, ప్రొద్దుటూరు. 160 పీఎస్, 253 న్యూటన్ మీటర్ల టార్క్ (లాగుడు బలం), ఏడు గేర్ల డీసీటీ ఆటోమేటిక్. మైదుకూరు దిక్కు హైవే మీద లారీని దాటేటప్పుడు కాలు ఆనిస్తే నడుముకు సీటు అతుక్కుంది. నేరుగా పరిగెత్తడంలో నాలుగింటిలో ఇదే మొనగాడు, దీంట్లో వాదన లేదు. వెనక చక్రాలకు కూడా డిస్క్ బ్రేకులు. కానీ సర్వీస్ రోడ్డు మలుపులో ఎర్రమట్టి కొంచెం పరుచుకుని ఉంటే, రెండో గేర్‌లో తొక్కగానే లోపలి పక్క ముందు చక్రం ఊరికే గిర్రున తిరిగింది, స్టీరింగ్ చేతిలో గుంజింది. స్టీరింగ్ కూడా వేగంలో నాకు తేలిగ్గా అనిపించింది, చక్రం కింద ఏముందో చెప్పదు. మా బామ్మర్ది ముందర ఈ మాట అంటే ఇంకా అలిగే ఉన్నాడు. అలగనీ.

వర్టస్ జీటీ మా దగ్గర బండలు తీసుకునే ఒక కస్టమర్‌ది. ఇది, స్లావియా అక్కాచెల్లెళ్లు. ఒకే చట్రం, అదే టర్బో ఇంజిన్ 1.5 టీఎస్‌ఐ, రెండూ పుణె దగ్గర చాకన్‌లో తయారయ్యేవే. 150 పీఎస్, 250 న్యూటన్ మీటర్లు, అదీ ఇంజిన్ నిమిషానికి 1600 చుట్లు తిరిగినప్పటి నుంచే. వెర్నా కంటే కాగితం మీద పది పీఎస్ తక్కువ. కానీ మలుపులో దింపితే బండి ఒక్క ముద్దగా తిరుగుతుంది, పైభాగం ఒక దిక్కు, చక్రాలు ఒక దిక్కు పోవు. వేగం నిలకడగా పెట్టి కాలు తేలిక చేస్తే నాలుగు సిలిండర్లలో రెండు పనిచేయడం ఆపేస్తాయి, మీటర్‌లో ఆ మాట వస్తుంది. మొదటిసారి అది చూసి ఏదో పాడైందని బండి పక్కకు తీసినా. కస్టమర్‌కు ఇంతవరకు చెప్పలే.

నాకు నచ్చనిది డీఎస్‌జీ. అది పొడి క్లచ్ ఉండే ఆటోమేటిక్ గేర్‌బాక్స్. ఎత్తుమీద లారీ వెనకాల జానెడు జానెడు జరిపితే క్లచ్ వేడెక్కుతుంది. మన దిక్కు సిమెంటు లారీల వెనకాల జరపకుండా ఎవడి రోజు గడుస్తుంది? అందుకే మాన్యువల్ అని పట్టుబట్టినా. చివరికి కర్నూలులో ఒక డాక్టర్‌గారి దగ్గర స్లావియా 1.5 మాన్యువల్ అమ్మకానికి ఉందని తెలిసింది. 2023 మోడల్, 28 వేల కిలోమీటర్లు. వాళ్ల అబ్బాయి ఇంజినీరింగ్ చదువుతున్నాడు, కడపలో చుట్టాలింటికి వస్తూ బండి తెచ్చినాడు. "ఆదివారం పొద్దున్నే ఘాట్‌లో చూద్దాం" అన్నా. గొప్ప చూపించుకుందామని మా మేనమామను కూడా ఎక్కించుకున్నా. ఇంక చూడండి.

మామ ఆర్టీసీలో ముప్పై ఏళ్లు డ్రైవర్. కడప-రాయచోటి రూట్, అంటే ఈ ఘాట్ దారే, ఎన్నివేల సార్లు తోలినాడో ఆయనకే లెక్క లేదు. కారు పత్రికలు చదవడు, పీఎస్ అంటే పోలీస్ స్టేషన్ అనుకుంటాడు. వెనక సీట్లో కూర్చున్నాడు, నోట్లో వక్కపలుకు.

పొద్దున ఆరుకు బయలుదేరినాం. పాలకొండల్లోకి ఎక్కేదాకా నేనే రాజు. ఆ అబ్బాయికి టార్క్ అంటే ఏంది, పవర్ అంటే ఏంది అని పాఠం చెప్తూ పోతాండా. ఒక మలుపులో ఎదురుగా లారీ సగం రోడ్డు తీసుకుని దిగింది. బ్రేకు కొట్టినా. లారీ పోయింది. నేను మూడో గేర్‌లోనే ఉన్నా, సూది వెయ్యికి వచ్చేసింది. నా పాత సిటీ ఐతే గొణుక్కుంటూనైనా లాగేది, టర్బో లేని ఇంజిన్. ఇది అట్లా కాదు. 1500 కింద, ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ తోసే టర్బో నిద్రలో ఉంటుంది. యాక్సిలరేటర్ నొక్కినా, ఏమీ రాలేదు. ఇంకా నొక్కినా. బండి జ్వరమొచ్చినోడి మాదిరి వణికి, ఆఫ్ అయింది.

నడి మలుపు. ఎత్తు. వెనకాల ఆర్టీసీ బస్సు.

ఎత్తుమీద బండి జారకుండా పట్టుకునే హిల్ హోల్డ్ ఉంది కదా అని ధీమాగా మళ్లీ స్టార్ట్ చేసినా. అది పట్టుకునేది రెండు క్షణాలే. నేను క్లచ్ వదిలేలోపే అది వదిలేసింది, బండి వెనక్కి జారింది. బస్సు హారన్. ఆ హారన్ ఇప్పటికీ చెవిలో ఉంది. మళ్లీ ఆఫ్. అబ్బాయి మెల్లగా హ్యాండ్‌బ్రేక్ లాగినాడు. షోరూం పిల్లోడి చెయ్యి గుర్తొచ్చింది నాకు.

బస్సు డ్రైవర్ కిటికీలోంచి తల బయట పెట్టి నన్ను తిట్టబోయి, వెనక సీట్లో మామను చూసినాడు. ఇద్దరూ ఒకే డిపో.

"అన్నా! నువ్వుండి ఈయప్పకు స్టీరింగ్ ఇచ్చినావా?"

బస్సులో ముందు సీట్లలో ఉన్న ఆడోళ్లు నవ్వినారు. మామ నవ్వలేదు, అది ఇంకా ఘోరం. "పోతాడ్లే, కొత్త బండి" అని వక్క ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చినాడు.

గువ్వలచెరువులో ఆగి రెండు కిలోల కోవా కట్టించుకున్నాం. వెనక సీట్లో మామ పక్కన డబ్బా పెట్టినాం. దిగేటప్పుడు పోయిన పరువు రాబట్టుకోవాలని కసిగా తోలినా. మూడో మలుపులోనో నాలుగో మలుపులోనో లోపలికి దూరినాక వేగం ఎక్కువనిపించి బ్రేకు తొక్కినా. ముక్కు కిందికి వంగింది, స్టీరింగ్ తిప్పినంత బండి తిరగలేదు, బయటి అంచు దిక్కు జరిగింది. మీటర్‌లో బండి జారకుండా చూసే ఈఎస్‌సీ దీపం టపటపమని కొట్టుకుంది. వెనకాల ధబ్బుమని శబ్దం. కోవా డబ్బా కింద పడి మూత ఊడింది.

మామ వంగి డబ్బా తీసి, మ్యాట్‌కు అంటిన ముక్క చేత్తో ఎత్తి, కిటికీలోంచి పారేసినాడు. "ఆపు."

ఆపినా. చెప్పులు విప్పి సీటు కింద పెట్టి, సీటు ముందుకు జరుపుకుని, గేర్ రాడ్డు నాలుగుసార్లు అటూ ఇటూ ఆడించి చూసినాడు. అంతే, వేరే పరీక్ష లేదు. కింది దాకా తీసుకుపోయి, తిప్పి, మళ్లీ పైకి. నేను ముందు సీటు, అబ్బాయి వెనక, వాడి పక్కనే కోవా.

నేను చూసింది చూసినట్టు చెప్తా. మలుపు ఇంకా ఇరవై గజాలుండగానే బ్రేకు పని ముగించేసినాడు. రెండో గేర్ అప్పుడే పడిపోయింది. సూది రెండు వేల పైనే ఉంది, అంటే టర్బో మేలుకునే ఉంది. స్టీరింగ్ ఒక్కసారి తిప్పినాడు, మధ్యలో దిద్దలేదు. మలుపు సగం దాటగానే కాలు మెల్లగా ఆనించినాడు, బండి తాడు కట్టి లాగినట్టు బయటికొచ్చింది. నేను తోలిన దాని కంటే వేగంగానే పోతాన్నాం, కానీ నా తల పక్కకు వాలడం లేదు. లోపలి చక్రం తిరిగిపోకుండా దానికి కొంచెం బ్రేకు వేసి బలాన్ని బయటి చక్రానికి పంపే ఎక్స్‌డీఎస్ అని ఒకటుంది ఈ బండిలో. అది చేసే పని నాకు అప్పుడు తెలిసింది, మామకు దాని పేరు కూడా తెలీదు.

"అబ్బీ, మలుపులోకి పోయినాక బ్రేకు ఎదుకుతాండావు నువ్వు" అన్నాడు. "ముందర చక్రాలకు ఆగు అంటావు, తిరుగు అంటావు. రెండు పనులు ఒకేసారి యాడ చేస్తాయి అవి? నా బస్సులో యాభైమంది ఉంటాండ్రి. ఒక్కరు వాంతి చేసుకున్నా నాకు నామోషీ."

వెనక నుంచి అబ్బాయి ఉత్సాహంగా, "అంకుల్, తాత తోలితే ఇది వేరే బండిలాగా ఉంది!" అన్నాడు. వాడి బండి గురించి వాడు నాకు చెప్తాన్నాడు. కోవా డబ్బా పెట్టిన చోటే ఉంది.

ఇంటికొచ్చి మా ఆవిడకు బండి బాగుందని మాత్రం చెప్పినా. మిగతాది మామ చెప్పినాడు, బస్సు డ్రైవర్ గొంతుతో సహా.

ఆ తర్వాత నెలన్నర, ప్రతి ఆదివారం పొద్దున్నే మామను పక్కన కూర్చోబెట్టుకుని పాత సిటీలోనే ఆ ఘాట్ ఎక్కి దిగినా. అది లారీలు దొర్లిపడే ఘాట్, సరదాలకు కాదు. రింగ్ రోడ్డు మీద రీల్స్ కోసం చక్రాలు కాల్చే పిల్లోళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నాయన కొనిచ్చిన టైర్లు, నాయన పోయించిన పెట్రోలు. ఒక్కడికైనా కొండ ఎత్తుమీద ఆగిన బండిని జారకుండా కదిలించడం వస్తుందా? నాకు ఇప్పుడు వస్తుంది. వెర్నా ఇంకోసారి తోలినా, అది కూడా ముందుకంటే బుద్ధిగా తిరిగింది, ఆ సంగతి ఒప్పుకుంటా. ఐనా స్లావియానే కొన్నా. మలుపులో చేతికి వచ్చే ఆ బరువు నాకు కావాలి. వెనక డ్రమ్ బ్రేకులేంది ఇంత ధరకు అని మాత్రం కొన్నాక కూడా గొణుగుతూనే ఉన్నా.

పన్నెండున్నర లక్షలకు బేరం తెగింది. పేరు మార్చుకోవడానికి ఫారం 29, 30 సంతకాలు, డాక్టర్‌గారి లోన్ తీరింది కాబట్టి బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35. బ్రోకర్ ఆరు వేలు అడిగినాడు, నేనే చేసుకున్నా, ఏ ఇబ్బందీ రాలేదు. ఇన్సూరెన్స్ మాత్రం 14 రోజుల్లోపు మీ పేరుకు మార్చమని అర్జీ పెట్టుకోండి. అమ్మినాయన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఆయనతోనే పోతుంది, మీకు రాదు, దాని కోసం కొట్లాడొద్దు.

నిన్న రాత్రి మామ ఫోన్ చేసినాడు. బండి పేరు మారిందా అని అడగలేదు, ఎంత పడిందని అడగలేదు.

"అబ్బీ, ఇంట్లో కోవా ఐపోయింది. రేపు ఆరుకు వస్తావా? తాళం నాకే ఇయ్యి."