పొట్టు లేచే పొడిచర్మానికి ఇంట్లో నేను చేసేది

కాళ్ల మీద పొట్టు లేవగానే చాలామంది పీచు అందుకుంటారు. రుద్దితే ఆ పూటకు నున్నగానే ఉంటుంది, మర్నాడు మళ్లీ లేస్తుంది, పైగా ఎర్రబడి మండుతుంది. చర్మం పైపొరలో చనిపోయిన కణాల మధ్య పట్టు వదిలించే ఎంజైములు తడి ఉంటేనే పనిచేస్తాయి. తడి ఆరిపోతే కణాలు విడివిడిగా రాలక, గుంపుగా పొలుసులై లేస్తాయి. అందుకే నేను పొలుసు జోలికి పోను. తడి నిలిచేలా చూసుకుంటాను.

స్నానం గోరువెచ్చని నీళ్లతో, పది నిమిషాల లోపే. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు చాలు. మామూలు సబ్బు పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 9 నుంచి 10 దాకా ఉంటుంది, చర్మానిది 5 దగ్గర. ఒళ్లంతా రోజూ సబ్బు పెడితే చర్మంలోని నూనె పదార్థాలు కొట్టుకుపోతాయి. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే, రెండు మూడు నిమిషాల్లో క్రీమ్ రాస్తాను. డబ్బా బాత్‌రూంలోనే ఉంటుంది. బట్టలేసుకుని, తల ఆరబెట్టుకుని తీరిగ్గా రాద్దామంటే అప్పటికే ఆ చెమ్మ ఎగిరిపోతుంది.

పల్చగా జారే లోషన్‌లో నీళ్లే ఎక్కువ కాబట్టి నా ఓటు చిక్కటి క్రీమ్‌కే. గ్లిజరిన్, సెరమైడ్లు (చర్మంలో సహజంగా ఉండే కొవ్వులు), పెట్రోలాటం (అంటే పెట్రోలియం జెల్లీ) ఉండాలి, సువాసన ఉండకూడదు. గ్లిజరిన్ తడిని పట్టి ఉంచుతుంది, ఆ తడి గాలిలో కలవకుండా పెట్రోలాటం అడ్డుకుంటుంది. వెంట్రుకలు వాలిన వైపే రాయాలి. ఎదురు రుద్దితే వాటి కుదుళ్ల దగ్గర కురుపులు లేవచ్చు.

ఎక్కువమంది పొరపడేది మోతాదులోనే. చూపుడువేలి పై గీత నుంచి కొస దాకా ట్యూబులోంచి పిండితే దాదాపు అర గ్రాము. అది వేళ్లతో కలిపి రెండు అరచేతులంత మేరకే సరిపోతుంది. ఒక కాలికి, పాదంతో కలిపి, అలాంటివి ఎనిమిది కావాలి. రెండు కాళ్లకూ రోజుకు రెండుసార్లంటే 16 గ్రాములు! వంద గ్రాముల ట్యూబు వారం కూడా రాదు. నెలల తరబడి వస్తోందంటే రాసేది చాలడం లేదన్నమాట.

పొలుసులు మొండిగా ఉంటే 5 నుంచి 10 శాతం యూరియా (తడిని పట్టి ఉంచి, పొలుసును మెత్తబరిచే పదార్థం) ఉన్న క్రీమ్ బాగా పనిచేస్తుంది. గీరుకున్నచోట మాత్రం చురుక్కుమంటుంది, అక్కడ పెట్రోలియం జెల్లీయే మేలు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే దురద క్రీముల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు. డాక్టర్ చెప్పకుండా వాడుతూపోతే చర్మం పల్చబడుతుంది.

అంచు తేలిన గుండ్రటి మచ్చ, వెండిరంగు మందపాటి పొలుసులు, రసి కారడం, దద్దుర్లు లేకుండానే ఒళ్లంతా వదలని దురద: వీటిలో ఏది కనిపించినా చర్మ డాక్టర్‌కు చూపించాల్సిందే.

మడమల చర్మం మందం కాబట్టి అక్కడ యూరియా 20 శాతం పైనే కావాలి. రాత్రి రాసి, పైన నూలు సాక్సు వేస్తాను. పగులు లోతై నెత్తురు కనిపిస్తుంటే, అది పూడేదాకా జెల్లీ మాత్రమే.