నోట్లో వేసుకుంటే కరిగిపోయేవి

రాజమండ్రిలో మాది పిండివంటల కొట్టు. ఇరవై ఏళ్లుగా ప్రతి వాయిలోంచి ఒక జంతిక విరిచి నోట్లో వేసుకోవడం నా పని. ఉప్పు చూడటం అంటాం దాన్ని. రోజుకి ముప్పై, నలభై వాయిలు దిగుతాయి. ఒక్క ముక్కే కదా అనుకునేదాన్ని. నలభై నాలుగేళ్లు వచ్చేసరికి ఐదడుగుల రెండంగుళాల ఎత్తుకి 112 కిలోలు ఉన్నాను. షుగరు, బీపీ, నిద్రలో ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి లేవడం. మోకాళ్లు చూపించుకుందామని వెళ్తే డాక్టరు గారు ఎక్స్‌రే పక్కన పెట్టేసి, "ముందు బరువు సంగతి చూడమ్మా" అన్నారు.

అంతకు ముందు చేసినవన్నీ చెప్పను. నడక, జొన్నరొట్టె, రాత్రి తిండి మానడం. అందరూ చేసేవే. పది కిలోలు తగ్గడం, పన్నెండు పెరగడం.

విశాఖలో స్లీవ్ ఆపరేషన్, అంటే బరువు తగ్గడానికి జీర్ణాశయాన్ని చిన్నది చేసే ఆపరేషన్, చేయించుకుందామని నిర్ణయించుకున్నాక రోజు కుదరలేదు. ఆషాఢంలో సారె ఆర్డర్లు, శ్రావణంలో పెళ్లిళ్లు, ఆ తర్వాత దసరా. కొట్టు ఖాళీగా ఉండేది పితృపక్షాలు పదిహేను రోజులే. అప్పుడే పెట్టుకున్నాను. మా అత్తయ్యకి నచ్చలేదు. "ఈ రోజుల్లో ఎవరైనా కత్తి పెట్టించుకుంటారటే?" అన్నారు. "శుభకార్యం కాదు కదా అత్తయ్యా" అన్నాను.

రెండు వారాల ముందు నుంచే అన్నం, ఇడ్లీ, అట్టు అన్నీ బంద్. కాలేయం కొవ్వుతో ఉబ్బి జీర్ణాశయం మీద కప్పేసినట్టు ఉంటుంది. పిండి పదార్థాలు ఆపేస్తే అందులో నిల్వ ఉన్న చక్కెర, దాన్ని పట్టుకుని ఉన్న నీరు దిగిపోయి కాలేయం కాస్త చిక్కుతుంది. అప్పుడు సర్జన్‌కి దాన్ని పక్కకి ఎత్తి పట్టుకోవడం సులువవుతుంది. పొట్టకి ఐదు చిన్న గాట్లు పెట్టారు. జీర్ణాశయంలో ముప్పావు వంతు పైనే కోసి తీసేశారు. మిగిలింది అరటిపండంత గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది తీసేసిన భాగంలోనే కాబట్టి, మొదట్లో నిజంగానే ఆకలి తెలియలేదు.

ఆకలి లేదు కానీ ఉప్పు కోసం ప్రాణం కొట్టుకుపోయింది. రెండు వారాలు తాగే పదార్థాలే. రోజుకి 60 గ్రాముల ప్రోటీన్ అందాలని పొడి ఇచ్చారు, వెనిల్లా రుచిది. మూడో రోజుకల్లా ఆ తీపి వాసనకే డోకొచ్చేది. ఇరవై ఏళ్లు కారం, వాము, నువ్వుల మధ్య బతికినదాన్ని, నన్ను తీసుకెళ్లి పాలకోవాలో ముంచినట్టుంది. డైటీషియన్ అమ్మాయికి ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాను. "ఆంటీ, ఏ రుచీ లేని పొడి కూడా దొరుకుతుంది. వడకట్టిన చికెన్ సూప్‌లో కలుపుకోండి" అంది. ఆనందంలో మరుగుతున్న సూప్‌లోనే వేసేశాను. పాలు విరిగినట్టు ముద్దలు కట్టింది. గోరువెచ్చగా చల్లారాక వేయాలట. అలా చేసి, చిటికెడు ఉప్పు, మిరియాల పొడి చల్లుకుని, రెండు చెంచాలకో విరామం ఇస్తూ ముప్పావు గంట తాగాను. ఆ కప్పు సూప్ నాకు పెళ్లి భోజనం.

ఆ తర్వాత మెత్తగా చిదిమినవి, ఆ తర్వాత మెత్తనివి. ఐదో వారంలో ఒకరోజు కొట్టుకి వెళ్లే తొందరలో రెండు పనీర్ ముక్కలు సరిగా నమలకుండా మింగాను. రొమ్ము ఎముక వెనకాల ఇటుక అడ్డం పడినట్టైంది. నోటినిండా నురగ. అరగంట సింకు దగ్గరే నిలబడ్డాను. ఏ డాక్టరూ చెప్పి నేర్పలేని పాఠం అది. ఇప్పటికీ ముక్కని ముద్దయ్యేదాకా నములుతాను, మా ఆయన లేచి చేయి కడుక్కున్నా సరే.

అసలు తప్పు చేసింది సంక్రాంతి ముందు. ఆపరేషనై మూడున్నర నెలలు. 26 కిలోలు తగ్గాను, చీరలన్నీ వదులు. జుట్టు మాత్రం గుప్పిళ్లతో రాలుతోంది. అది మూడో నెల నుంచి మామూలేనని, కొన్ని నెలలకి ఆగుతుందని ముందే చెప్పారు కాబట్టి టెన్షన్ పడలేదు. కొట్లో మూడు మూకుళ్లు ఒకేసారి నడుస్తున్నాయి. ఉప్పు చూడమని మా పని అమ్మాయి జంతిక తెచ్చింది. విరిచి నోట్లో వేసుకున్నాను. హాయిగా దిగిపోయింది. ఇంకోటి వేసుకున్నాను. అదీ దిగింది. ఒక ఉడికించిన గుడ్డు తింటే బిగిసిపోయే పొట్ట, టీ తాగుతూ ఎనిమిది జంతికలు తిన్నా కిక్కురుమనలేదు. నయమైపోయిందనుకున్నాను! పండగ పది రోజులూ అలాగే గడిచింది. కనుమ నాటికి కిలోన్నర పెరిగాను.

డైటీషియన్‌కి నిజం చెప్పడానికి సిగ్గేసింది కానీ చెప్పాను. ఆ అమ్మాయి తిట్టలేదు. "మీ జంతికలు ఎలా ఉండాలని మీరు చేస్తారు ఆంటీ?" అని అడిగింది.

"నోట్లో వేసుకుంటే కరిగిపోవాలి."

"అదే సమస్య."

గుడ్డు, చేప, పనీర్ లాంటివి గట్టిగా కూర్చుని గొట్టంలో కాసేపు నిలబడతాయి, కడుపు నిండిందని తెలుస్తుంది. గుల్లగా ఉండేవి ఉమ్మి తగలగానే మెత్తబడి సన్నగా జారిపోతాయి, అందులోనూ టీతో కడిగేస్తే. చిన్న పొట్ట వాటిని ఆపలేదు. మరమరాలు, అప్పడాలు, చిప్స్, బిస్కెట్లు అన్నీ ఇదే జాతి. తిన్నాక అరగంట నీళ్లు కూడా తాగొద్దని వాళ్లు ఎందుకు పోరతారో అప్పుడు బుర్రకెక్కింది. వెన్న వేసి, వేడి నూనె పోసి, గుల్లగా రావాలని నేను ఇరవై ఏళ్లు పడ్డ పాటంతా నా శత్రువుని తయారు చేసుకోవడానికే అయింది.

అప్పటి నుంచి నా కోసం వేరే మూకుడు పెట్టాను. జంతికల పిండిలో బియ్యప్పిండి తీసేసి సోయా పిండి వేద్దామనుకున్నాను. జంతికల గొట్టంలోంచి బాగానే దిగాయి, నూనెలో పడగానే విచ్చిపోయి ఇసుకలా అడుగుకి చేరాయి. అర కిలో పిండి, నూనె దండగ. బియ్యప్పిండి వంద గ్రాముల్లో 80 దాకా పిండి పదార్థమే, నిజమే కానీ, జంతికని పట్టి ఉంచేది కూడా అదే మరి. శనగపిండి దానికన్నా నయం, అయినా సగానికి పైగా పిండి పదార్థమే. ఇంకో మోసం మఖానా. డైట్ అని రాసి డబ్బాల్లో అమ్ముతున్నారు కానీ ఆ కలువ జాతి గింజ ముప్పావు వంతు పిండి పదార్థం, పైగా నోట్లో మంచులా కరుగుతుంది. మా కొట్లోనూ ఉంది. కొనేవాళ్లకి అమ్ముతాను, నేను ముట్టుకోను.

చివరికి నిలబడింది మా గోదావరి జిల్లాల తెలకపిండి. నూనె ఆడగా మిగిలిన నువ్వుల పిండి కాబట్టి ప్రోటీన్ బాగా ఎక్కువ, బియ్యప్పిండితో చూస్తే పిండి పదార్థం బాగా తక్కువ. కాసిని నీళ్లు చల్లి నానబెట్టి, గుడ్డు తెల్లసొన, జీలకర్ర, పచ్చిమిర్చి, కరివేపాకు, ఉప్పు కలిపి, చిన్న బిళ్లలుగా ఒత్తి, పెనం మీద సన్న సెగన రెండు వైపులా ఎర్రగా కాల్చాను. పైన కరకర, లోపల బరువు. రెండు తింటే చాలు, పొట్ట "అమ్మో" అంటుంది. ఆ వాసనకి అత్తయ్య వచ్చి చూసి, "తెలకపిండా? బాలింతవా ఏంటే నువ్వు?" అని నవ్వారు. మా వైపు తెలకపిండి, మునగాకు కలిపి బాలింతలకి వండి పెడతారు.

ఎండు నెత్తళ్లు కూడా తింటాను. వేడినీళ్లలో అరగంట నానబెట్టి, మూడు నీళ్లు మార్చి కడిగితే ఉప్పు చాలావరకు పోతుంది. తర్వాత పెనం మీద చుక్క నూనెతో. కడగకపోతే బీపీ ఉన్నవాళ్లకి అది చేప కాదు, ఉప్పురాయి. నాకు బరువు తగ్గేకొద్దీ బీపీ మాత్ర సగానికి, తర్వాత పూర్తిగా డాక్టరే తీసేశారు. దాన్ని మళ్లీ తెచ్చుకునే ఉద్దేశం లేదు. వేరుశనగలు నాలుగో నెల దాటాకే ఒప్పుకున్నారు. అవి కూడా ఉడకబెట్టినవే, చిన్న గుప్పెడు కొలిచి. ఎండు గింజలో ప్రోటీన్ పావు వంతు ఉన్నా దాదాపు సగం నూనే కదా. ఏమీ లేని రోజున పలచటి మజ్జిగలో ఉప్పు, అల్లం. బీ12, ఐరన్, కాల్షియం మాత్రలు జన్మంతా.

ఇప్పుడు ఏడాదిన్నర. 76 కిలోలు. షుగరు మాత్ర ఒకటే మిగిలింది, మోకాళ్లు మెట్ల దగ్గర ఇంకా మూలుగుతాయి.

కొట్టులో ఒక చిక్కొచ్చింది. ఆపరేషన్ తర్వాత నా నాలుక మారిపోయింది, కొంచెం ఉప్పే ఎక్కువనిపిస్తుంది. కలిపిన పిండిని నాలుక చివర పెట్టుకుని చూసి సరిపోయిందంటే, "జంతికలు చప్పగా ఉంటున్నాయేంటమ్మా" అని పాత ఖాతాదారులు ఫోన్లు. అందుకని ఈ సంక్రాంతికి ఉప్పు చూసే పని అత్తయ్యకి అప్పగించాను. ఆవిడకి బీపీ. రుచి చూసి ఉమ్మేస్తున్నానంటారు. మూకుడు పక్కన పళ్లెంలో జంతికలు లెక్కపెట్టి పెడుతున్నాను, లెక్క మాత్రం తగ్గుతోంది.